సిలిండర్ కింద మూడు చుక్కలు

ముందు వాసన వచ్చింది. పొగ తర్వాత కనిపించింది.

పోయిన దీపావళి తర్వాత నాలుగు రోజులుందామని పాలమూరులో తమ్ముడింటికి వెళ్ళాను. ఒకరోజు పొద్దున్నే డాబా మీద పల్లీకాయ ఎండబోసి, కోతులు రాకుండా కట్టె పట్టుకుని కూర్చున్నా. పెరట్లోంచి ఏదో కాలుతున్న వాసన. చెత్త వాసన కాదు, కట్టెల పొయ్యి వాసన కాదు. పాత నూనె, మసి, ఇనుము కలిసి కాలితే వచ్చే చేదు వాసన, గొంతులో పట్టుకుంటుంది. 'ఎవరో బండి సైలెన్సర్ లోపలి జాలీలు కాలుస్తున్నట్టున్నారు' అనుకున్నాను. అనుకున్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట అని, విని ఎన్నేళ్ళయిందో!

దిగి వెళ్ళి చూస్తే మా మేనల్లుడు. నాలుగు పిడకలు, కాసిని కట్టెలు పేర్చి మంట పెట్టి, మధ్యలో రెండు పొడవాటి ఇనుప గొట్టాలు ఉంచాడు. ఒక చేతిలో పక్కడ్, ఇంకో చేతిలో ఫోను.

"ఎర్రగ కాల్చాలంట అత్తా, ఈ వీడియోల చెప్తుండు."

"ఎర్రగ కాలిస్తే వంకరపోతయిరా. నల్లపొగ ఆగంగనే తియ్యి. సల్లారినంక కట్టెకేసి కొట్టు. మసి పెంకులు పెంకులుగ రాలుతది."

వాడు వీడియో ఆపి నా వంక చూశాడు. వాడికి తెలిసిన అత్త సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. ఇంకో అత్త ఉండేదని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కోస్గి దగ్గర ఒక ఊళ్ళో పశువుల కొట్టం వెనక పడి ఉన్న ఎజ్డీ మోటార్‌సైకిల్‌ను వాడు ముప్పై వేలకు కొన్నాడట. ఇనుప తూకానికైతే ఎక్కువ, బండికైతే తక్కువ. సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టి పొదిగాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక గూడు. ట్యాంకు కదిపితే లోపల తుప్పు గలగలమంటోంది. ఇంజన్ జాము. అమ్మినాయన 'మా తాత బండి సార్, మంచిగ చూసుకోండ్రి' అని, ఆర్‌సీ కాయితాన్ని పాలకవర్లో చుట్టి ఇచ్చాడట. పాలమూరు బండ్లకు ఏపీ 22 కూడా రాకముందటి నంబరు.

వాడికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. లాప్‌టాప్ స్టూలు మీద, కార్బరేటర్ అన్నం తినే పళ్ళెంలో. మీటింగ్ నడుస్తుంటే మ్యూట్ పెట్టి స్పోకులు రుద్దుతుంటాడు. మా మరదలికి బండి మీద కోపం లేదు, ఆ పళ్ళెం మీదే కోపం.

* * *

నాయినకు రాయచూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉండేది. ముందు వేపచెట్టు, దాని కొమ్మకు వేలాడే లారీ టైరు, పక్కన నీళ్ళ గోలెం. బోర్డు లేదు. పెయింటర్ ఒకాయన రిపేరు డబ్బులకు బదులు తలుపు రేకు మీద జావా బొమ్మ వేసి పోయాడు. అందులో వెనక చక్రం ముందు చక్రం కంటే చిన్నది. ఆ బొమ్మ చూసి నవ్వినవాళ్ళున్నారు గానీ, షెడ్డు దొరకలేదన్నవాళ్ళు లేరు.

జావాను మొదట చెకోస్లోవేకియాలో 1929లో జానెచెక్ అనే ఆయన మొదలుపెట్టాడనీ, వాండరర్ అనే కంపెనీ నుంచి డిజైన్ తీసుకోబట్టి రెండు పేర్ల ముందక్షరాలు కలిపి జావా అన్నారనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ వచ్చింది, 1970లలో బండి పేరు ఎజ్డీ అయింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. షెడ్డులో ఈ చరిత్ర ఎవరికీ అక్కర్లేదు. నాయినకు అది 'మైసూరు బండి'. రాజ్‌దూత్ 'ఢిల్లీ బండి', బుల్లెట్ 'మద్రాసు బండి'. ఏ బండికి ఆ ఊరి గుణాలు అంటగట్టి మాట్లాడేవాడు. "మైసూరు బండి మర్యాదస్తురాలు, గట్టిగ తొక్కితే అలుగుతది."

నాయిన పని నేర్చింది హైదరాబాద్‌లో, పుత్లీబౌలి దగ్గర ఒక ఉస్తాద్ చేతికింద. అందుకే షెడ్డులో సగం మాటలు ఉర్దూవే. స్పానర్ అంటే పానా. దస్-గ్యారా, బారా-తేరా, చౌదా-పంద్రా. నేను ఉర్దూ అంకెలు నేర్చుకున్నది పానాల మీదే. ఇప్పటికీ పదిలోపు అంకెలు ఉర్దూలో అడిగితే తడుముకుంటాను గానీ, పది నుంచి ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా చెప్తాను.

స్పేర్ పార్టులకు నెలకోసారి మీటర్‌గేజ్ రైల్లో కాచిగూడకు పోయి, రాత్రికి గోనెసంచితో దిగేవాడు. సంచిలో పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేట్లు, అడుగున మాకు ఒక పొట్లం. ఆ పొట్లంలో ఏమున్నా గ్రీజు వాసనే వచ్చేది, బాదుషా అయినా సరే.

పొద్దున షెడ్డు తెరవగానే ముందు నీళ్ళు చల్లాలి. ఊడ్చి చల్లడం కాదు, చల్లి ఊడ్వడం. లేకపోతే దుమ్ము లేచి విప్పి ఉన్న ఇంజన్‌లో పడుతుంది. తర్వాత గోనెపట్టా పరిచి దాని మీద పానాలు వరసగా పెట్టాలి. ఈ పని చేసే పిల్లగాడొకడు ఉండేవాడు. ఒక వేసవిలో వాడి అమ్మానాయినలు బొంబాయి వలస పోతూ వాణ్ణి కూడా వెంట తీసుకుపోయారు. మా జిల్లా సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. వాడి స్థానంలోకి బడి వదిలిన సాయంత్రాలు నేను వచ్చాను. తమ్ముడు అప్పటికి చిన్నవాడు, పైగా వాడికి ఆ వాసన పడేది కాదు. ఇప్పుడు వాడి కొడుక్కి ఆ వాసనే సెంటులా ఉంది!

అమ్మ గొడవ చేసేది. "ఆడపిల్ల గోర్లల్ల గ్రీజేందయ్యా, రేపు ఎవడు చేసుకుంటడు?" కిరోసిన్‌లో చేతులు ముంచి, రంపపు పొట్టుతో రుద్ది, బట్టల సబ్బుతో కడిగితే గ్రీజు పోతుంది. వాసన మాత్రం పోదు. పెళ్ళిచూపుల రోజు కూడా పోలేదు.

* * *

నా అసలు పని కాగితం పట్టుకోవడం.

జావా, ఎజ్డీలకు కుడివైపు గుండ్రటి కవర్ ఉంటుంది. అది విప్పితే డైనమో, అక్కడే పాయింట్లు. రెండు చిన్న బొడిపెలు ఒకదాన్నొకటి తాకుతూ, విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణంలోనే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. ఎక్కువలో ఎక్కువ విడిపోయినప్పుడు మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు. అయితే సందు కంటే ముఖ్యం, విడిపోయే సమయం. పిస్టన్ పైకొస్తూ ఇంకా కొంచెం దూరం ఉందనగా విడిపోవాలి. ముందే విడిపోతే కిక్ రాడ్డు ఎదురుతిరిగి పాదం వాచిపోతుంది, ఆలస్యమైతే బండి గాడిదలా నడుస్తుంది.

దానికి కంపెనీవాళ్ళ పరికరాలు వేరే ఉంటాయట. మా షెడ్డులో ఒక సైకిల్ స్పోకు, ఒక సిగరెట్ పెట్టె ఉండేవి. ప్లగ్గు తీసేసి ఆ రంధ్రంలో స్పోకు దించి, ఇంజన్‌ను పానాతో నిదానంగా తిప్పేవాడు నాయిన. పిస్టన్ పైకొచ్చేకొద్దీ స్పోకు లేస్తుంది. లేచి, ఇక లేవకుండా ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ దిగుతుంది. నిలబడ్డ చోట ఆకురాయితో ఒక గీటు. దానికి కొద్దిగా పైన ఇంకో గీటు. పిస్టన్ ఆ రెండో గీటు దగ్గరకు వచ్చినప్పుడే పాయింట్లు వదలాలి.

అప్పుడు సిగరెట్ పెట్టె లోపలి పల్చటి కాగితం సన్నగా చింపి నాకిచ్చేవాడు. దాన్ని పాయింట్ల మధ్య దూర్చి, రెండు వేళ్ళతో పట్టుకుని, గుంజీ గుంజనట్టు గుంజుతూ ఉండాలి. ఆయన తిప్పుతుంటాడు. పాయింట్లు మూసుకున్నంతసేపు కాగితం బిగిసి ఉంటుంది. విడిపోగానే జారి చేతిలోకి వస్తుంది. రాగానే నేను చెప్పాలి.

"వచ్చింది."

"వదిలిందా, తెంపినవా?"

ప్రతిసారీ ఇదే ప్రశ్న. గట్టిగా లాగితే ముందే తెగుతుంది, టైమింగ్ తప్పవుతుంది. నేను కాగితం చివర చూపించాలి. చివర నున్నగా ఉంటే సరే. చిరిగి ఉంటే మళ్ళీ మొదటి నుంచి. కొత్తలో సాయంత్రానికి నాలుగైదు కాగితాలు తెంపేదాన్ని. తర్వాత్తర్వాత, కాగితం జారబోయే ముందు వేళ్ళకు ముందే తెలిసేది. ఎలా తెలిసేదో ఇప్పటికీ చెప్పలేను.

ఇంకో పరికరం పొడవాటి స్క్రూడ్రైవర్. మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు, డాక్టర్ స్టెతస్కోపులా. ఒకసారి నన్నూ వినమన్నాడు. లోపల ఎవరో పల్లీలు వేయిస్తున్నట్టు వినిపించింది. "బేరింగ్ పోయింది" అన్నాడు.

బడిలో పదో తరగతికి స్థూపం ఘనపరిమాణం చెప్పేటప్పుడు నేను షెడ్డు నుంచి తెచ్చుకున్న పాత పిస్టన్ ఒకటి బల్ల మీద పెట్టేదాన్ని. వ్యాసం 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే అది పైకీ కిందికీ కదిలే దూరం, 75. పై ఆర్ స్క్వేర్ హెచ్ కట్టండ్రి అంటే 248 పైచిలుకు ఘన సెంటీమీటర్లు వచ్చేది. "అంటే టూ ఫిఫ్టీ సీసీ కాదా టీచర్, మోసమా?" అని ఒకడు అడిగాడు. చదువుకున్నన్నాళ్ళూ వాడు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది.

* * *

ఇప్పుడు కస్టమైజేషన్ అంటున్నారు. అప్పుడు ఆ మాట లేదు, 'జర మార్చియ్యి ఉస్తాద్' అనేవాళ్ళు.

పాలాయన వచ్చేవాడు, రెండు వైపులా క్యాన్లు వేలాడేలా యాంగిల్ ఇనుముతో స్టాండ్లు కావాలని. నలుగురు పిల్లలున్న పట్వారీ గారు సీటు జానెడు పెంచమన్నాడు. గాజులమ్మే ఆయనకు వెనక చెక్కపెట్టె, లోపల గోనెపట్ట, గుంతల్లో పడ్డా గాజు పగలకూడదు. బట్టల సంతకు పోయే ఆయన బండిని చూస్తే బండి కనపడేది కాదు, మూట కింద రెండు చక్రాలు కనపడేవి.

అందరికంటే హడావుడి రీళ్ళ పిల్లగాడిది. రెండు టాకీసుల్లో ఒకే సినిమా ఆడుతుంటే ప్రింటు మాత్రం ఒకటే ఉండేది. ఇక్కడ ఆడిన రీలు డబ్బాలో వేసుకుని, ఇంకో టాకీసులో ముందు రీలు అయిపోయేలోపు అందించాలి. రోజుకు ఎన్నిసార్లు తిరిగేవాడో లెక్కలేదు. వాడి బండికి నాయిన సీటు కింద రెండు వైపులా ఇనుప కొక్కేలు వెల్డింగ్ చేయించి ఇచ్చాడు, రీళ్ళ డబ్బాల పిడులు సరిగ్గా అందులో కూర్చునేలా. షెడ్డు ముందు నుంచి వాడు పోతుంటే ఆ చప్పుడును బట్టి అమ్మ "ఇంటర్వెల్ అయింది" అనేది. ఒకరోజు ప్లగ్గు నల్లబడి వాడి బండి మా షెడ్డు ముందే ఆగిపోయింది. నాయిన పక్కన రిపేరుకొచ్చిన ఎవరి బండో వాడి చేతికిచ్చి తోలాడు. ఆ బండాయన టీ తాగి వచ్చి, తన బండి ఏదని అడిగితే, "సినిమాకు పోయింది" అన్నాడు.

జావాల గేర్ రాడ్డే కిక్ రాడ్డు. ఎడమవైపు ఉన్న ఆ ఒక్క రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, పాత చోటికి వస్తే మళ్ళీ గేరు. గేరు మార్చేటప్పుడు చేత్తో క్లచ్ పట్టకపోయినా నడిచేది, ఆ రాడ్డే లోపల క్లచ్‌ను వదిలించేది. తాళంచెవి మాత్రం ఉన్నా లేనట్టే. హెడ్‌లైట్ మీద రంధ్రంలో మేకు గుచ్చినా పనిచేసేది. ఒక రాత్రి షెడ్డు ముందున్న బండిని ఎత్తుకుపోదామని ఎవడో వచ్చి, మేకైతే గుచ్చాడు గానీ, కిక్ రాడ్డు ఎక్కడుందో తెలియక బండిని గడియారం చౌరస్తా దాకా తోసి తోసి, అలసిపోయి వదిలేసి పోయాడు. పొద్దున నాయిన బండి చుట్టూ తిరిగి చూసి, "పాపం, నన్నడిగితే చెప్పేటోణ్ణి" అన్నాడు.

* * *

టూ స్ట్రోక్ బండికి ఇంజన్ ఆయిల్ విడిగా ఉండదు. పెట్రోల్‌లోనే కలపాలి, లీటరుకు 40 మిల్లీలీటర్లు. క్రాంకుకూ పిస్టన్‌కూ తడి అందించేది ఆ నూనే. అది పెట్రోల్‌తో పాటే కాలి పొగగా పోతుంది, పోతూ పోతూ సైలెన్సర్ జాలీల మీద మసిగా పేరుకుంటుంది. రాత్రంతా బండి నిలబెడితే నూనె అడుగున చేరుతుందని పొద్దున స్టార్ట్ చేసే ముందు బండిని అటూ ఇటూ ఊపేవాళ్ళు. ఏ ఇంటి ముందు చూసినా, పసిపిల్లను లేపుతున్నట్టు బండిని ఊపే మగవాళ్ళు.

దేవరకద్ర వైపు పల్లెలో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు ఉండేవాడు. ఊళ్ళో కిరాణా కొట్టులో పెట్రోల్ సీసాల్లో దొరికేది, అందులో కలిపే 2టీ ఆయిల్ దొరకలేదు. అర్ధరాత్రి కాన్పు కేసు వచ్చింది. మా జిల్లాలో ఆముదాలు పండని ఊరు తక్కువ, ప్రతి ఇంట్లో ఆముదం సీసా ఉంటుంది. ఆయన గరిటెడు ఆముదం ట్యాంకులో పోసి బయల్దేరాడు.

బండి బ్రహ్మాండంగా నడిచింది. తప్పేమీ లేదు, వెనకట రేసు బండ్లలో ఆముదమే వాడేవాళ్ళు. క్యాస్ట్రాల్ అనే పేరు పుట్టిందే క్యాస్టర్ నుంచి, అంటే మన ఆముదం నుంచి. తల్లీబిడ్డా క్షేమం. డాక్టరు గారికి ధైర్యం వచ్చి ఇంకో వారం అదే పోశాడు. అసలు చిక్కేమిటంటే ఆముదం పెట్రోల్‌తో సరిగా కలవదు, చలికి విడిపోయి అడుగుకు దిగుతుంది. కాలినచోట జిగురు కడుతుంది. చలికాలం పొద్దున కార్బరేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రంలో, అంటే జెట్టులో, ఆముదం అడ్డం పడింది, రింగులు పిస్టన్‌కు అతుక్కుపోయాయి. ఎడ్లబండి మీద వేసుకొచ్చాడు.

నాయిన కార్బరేటర్ విప్పి, జెట్టు వాసన చూసి, మొహంలో ఏ మార్పూ లేకుండా అడిగాడు. "డాక్టర్ సాబ్, బండిక్కూడా విరేచనాల మందిచ్చినవా?"

షెడ్డంతా నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు గానీ కొంచెం ఆలస్యంగా. ఆ ఇంజన్ కడిగినన్నాళ్ళూ షెడ్డులో వచ్చిన కాలిన ఆముదం వాసన నాకు ఇష్టంగానే ఉండేది.

* * *

చీకటంటే నాకు భయం పోయింది కూడా జావా మీదే.

చిన్నచింతకుంట దగ్గర కురుమూర్తి జాతర. దీపావళి పోగానే మొదలవుతుంది. జాతర ముందు వారం షెడ్డులో నిలబడటానికి చోటుండేది కాదు. ఒకసారి జాతర దారిలో ఎవరి బండో ఆగిపోయిందని కబురొస్తే నాయిన నన్ను వెనక ఎక్కించుకుని పోయాడు, కాగితం పట్టడానికి. పని అయ్యేసరికి రాత్రయింది. తిరుగుదారిలో ఒక్క లైటు స్తంభం లేదు.

అప్పటి బండ్లకు ఆరు వోల్టుల కరెంటు. ఇంజన్ జోరుగా తిరిగితే లైటు వెలుగుతుంది, నిదానిస్తే ఎర్రగా గుడ్డిదీపమవుతుంది. గుంత వస్తే స్లో చెయ్యాలి, స్లో చేస్తే గుంత కనపడదు! అందుకని నాయిన గుంతల దగ్గర క్లచ్ పట్టుకుని రేస్ ఇచ్చేవాడు. బండి అరుస్తుంది, రోడ్డు ఒక్కసారి తెల్లగా కనిపిస్తుంది, ఆ వెలుగులో దారి చూసిపెట్టుకుని, చీకట్లో ఆ జ్ఞాపకం మీద గుంత దాటించేవాడు. మళ్ళీ రేస్, మళ్ళీ వెలుగు. అట్లా వెలిగీ ఆరీ ఇంటి దాకా వచ్చాం. నేను దారంతా ఆయన చొక్కా వెనక పిడికిట్లో పట్టుకునే ఉన్నాను. పొద్దున చూస్తే అక్కడ నా గ్రీజు వేళ్ళు అయిదూ అచ్చుపడి ఉన్నాయి.

* * *

మేనల్లుడి బండి ఇంజన్ తేలిగ్గా రాలేదు. ప్లగ్గు రంధ్రంలో డీజిల్ పోసి వారం నానబెట్టాం. ఈ 'మేం' ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నాలుగు రోజులకని వచ్చినదాన్ని, సంక్రాంతి దాకా ఉండిపోయాను. చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తెతో మెల్లగా కొడితే ఒక మధ్యాహ్నం సిలిండర్ కదిలి పైకొచ్చింది. వాడు మీటింగులో ఉన్నాడు. మ్యూట్ పెట్టడం మర్చిపోయి కేక వేశాడు.

సిలిండర్ రెక్కల సందుల్లో మట్టి. పాత చీరముక్క కిరోసిన్‌లో ముంచి ఒక్కో రెక్కా తుడుస్తున్నా. కిందినుంచి మొదటి రెక్క అడుగున వేలికి ఏదో తగిలింది. తిప్పి చూశాను.

మూడు చుక్కలు. సెంటర్ పంచ్‌తో కొట్టినవి. రెండు పక్కపక్కన, మూడోది కొద్దిగా జరిగి.

సిలిండర్ అరిగితే లేత్ మీద బోరు, అంటే లోపలి రంధ్రం, పెంచి పెద్ద పిస్టన్ వేస్తారు. పావు మిల్లీమీటరు చొప్పున 0.25, 0.50, 0.75, చివరకు 1.00. ఆ సైజు పిస్టన్ తల మీద కొట్టే ఉంటుంది గానీ, చూడాలంటే హెడ్ విప్పాలి. నాయినకు బిల్లు పుస్తకం రాసే అలవాటు లేదు. అందుకని బోరు చేయించిన ప్రతిసారీ అక్కడ, పైకి కనపడని చోట, ఒక చుక్క కొట్టేవాడు. బండి మళ్ళీ వచ్చినప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూనే రెక్క కింద వేలు పెట్టి తడిమి, "దీనికి ఇంక రెండు జన్మలున్నయి" అని ఓనరుకు చెప్పేవాడు. వాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు.

వాడికి చూపించాను. కాసేపు ఏమీ అనలేదు, ఫోటో తీసుకున్నాడు. "తాత మొత్తం ఎన్ని బండ్లకు కొట్టి ఉంటడు?" అన్నాడు. ఏం చెప్పను? ఈ చుట్టుపక్కల ఏ మైసూరు బండైనా ఒకసారైనా ఆ వేపచెట్టు కింద నిలబడే ఉంటుంది. ఇది ఎవరిదని ఎంత గుర్తు చేసుకున్నా గుర్తురాలేదు. మూడో చుక్క ఎందుకు జరిగిందో కూడా తెలియదు. అప్పటికి ఆయనకు చూపు తగ్గి ఉండొచ్చు, పక్కనెవరో మాటల్లో పెట్టి ఉండొచ్చు.

సిలిండర్‌కు మిగిలింది చివరి సైజు. మిల్లీమీటరు పెద్ద పిస్టన్ కోసం వాడు ఆన్‌లైన్‌లో నెల రోజులు వెతికాడు. లేత్ ఆయన బోరు చేసి ఇచ్చాక నేను లెక్క కట్టాను. 66 మిల్లీమీటర్ల వ్యాసానికి 256 పైన వచ్చింది. మైసూరువాళ్ళు ఇచ్చినదానికంటే ఏడెనిమిది సీసీలు ఎక్కువ. నాలుగో చుక్క నేనే కొట్టాను. పంచ్ జారి పక్కన ఒక గీత కూడా పడింది.

* * *

వాడికి మొదట బాబర్ చేద్దామని ఉండేది. వెనక మడ్గార్డు కోసి, సీటు కిందికి దించి, హ్యాండిల్ మార్చి, మ్యాట్ నలుపు రంగు. ఆర్‌టీఏకు కాయితాలు తీసుకెళ్ళినప్పుడు అది అంత సులువు కాదని తేలింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి అసలు రూపం ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. దాంతో వాడు ఆ కొస నుంచి ఈ కొసకు దూకాడు. ప్రతి నట్టూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలట! మెరూన్ రంగులో ఏ మెరూన్ అని పది రోజులు. ట్యాంకు మీద బంగారు గీతలు వెనకటి పెయింటర్లు ఉడుత తోక వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి ఒక్క గుంజులో గీసేవాళ్ళు. ఇప్పుడు స్టిక్కర్ వస్తుంది. వీడు స్టిక్కర్ మూడుసార్లు అంటించి మూడుసార్లు పీకాడు.

ఈ ఒరిజినల్ పిచ్చిలోనే ఒక పొరపాటు జరిగింది. ఫ్రేముకు సీటు కింద రెండు వైపులా ఏవో ఇనుప కొక్కేలు ఉన్నాయి, చేతి వెల్డింగ్. నేను లోపల టీ తాగుతుంటే గ్రైండర్ చప్పుడు వినిపించింది. బయటికి వచ్చేసరికి కుడివైపుది కోసేశాడు.

"ఎందుకు కోసినవ్?"

"ఫ్యాక్టరీది కాదత్తా. ఎవడో లోకల్‌ల అతికించిండు."

ఆ ముక్క చేతిలోకి తీసుకున్నా. ఇంకా వేడిగా ఉంది. అది రీళ్ళ డబ్బాలదో, పాలక్యాన్లదో, ఇంకెవరిదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. పట్టా వంచిన తీరు మాత్రం తెలిసినదే. చివర చేతికి గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది. ఆ లోకల్‌వాడు ఎవడో చెప్పాక వాడు గ్రైండర్ ప్లగ్గు పీకేశాడు. మళ్ళీ వెల్డింగ్ చేయిద్దామన్నాడు. వద్దన్నాను, అది వేరే మనిషి వెల్డింగ్ అవుతుంది. ఎడమవైపుది అలాగే ఉంది. దానికి ఇప్పుడు మరదలు కూరగాయల సంచి తగిలిస్తోంది.

బండి నడుస్తోంది. పిల్లలమర్రి దాకా పోయి వస్తుంటాం. గేర్ ఆయిల్ మాత్రం ఎక్కడినుంచో కారుతూనే ఉంది, మూడుసార్లు విప్పి బిగించినా ఆగలేదు. కింద అట్టముక్క పరిచాం.

స్టార్ట్ అయిన రోజు కంటే, దాని ముందు రోజు సాయంత్రం నాకు బాగా గుర్తుంది. టైమింగ్ పెట్టాలి. వాడు ఆన్‌లైన్‌లో డయల్ గేజ్ ఆర్డర్ పెట్టాడు, అది రావడానికి ఇంకో నాలుగు రోజులు. నేను సైకిల్ స్పోకు అడిగాను. దొరికింది. సిగరెట్ పెట్టె అడిగితే ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. చివరకు మరదలు బీరువాలో వెతికి, పట్టీలు చుట్టి ఉన్న గులాబి రంగు పల్చటి కాగితం తెచ్చి ఇచ్చింది, బంగారు షాపులో ఇచ్చేది.

కాగితం వాడి చేతికిచ్చి, పానా నేను పట్టుకున్నా. మోకాళ్ళు సహకరించవు, పీట వేసుకుని కూర్చున్నా. లైటు తమ్ముడు పట్టుకున్నాడు, ముక్కు అటు తిప్పుకుని. స్పోకు లేచింది. మొదటి గీటు, రెండో గీటు. వెనక్కి తిప్పి మళ్ళీ నిదానంగా ముందుకు తెస్తున్నా.

"వచ్చింది అత్తా!"

"వదిలిందా, తెంపినవా?"

వాడు వేళ్ళు విప్పి చూసుకున్నాడు. గులాబి కాగితం చివర ఎలుక కొరికినట్టుంది.

పానా వెనక్కి తిప్పాను. మరదలు ఇంకో ముక్క చింపుతోంది.